మంచు ఉదయాల్లో ఇంజన్ తడబాటు: చలి పాలెంత, చెమ్మ పాలెంత

పెట్రోలు కారు ఇంజన్ రాత్రంతా ఆరుబయట నిలిచి, మంచు కురిసిన తెల్లవారుజామున స్టార్టయ్యాక మొదటి పది పదిహేను నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఒక్క క్షణం వెనుకాడి, కుదుపుతో అందుకొని, పొద్దెక్కేసరికి ఏమీ ఎరగనట్టు సాఫీగా నడిచే దోషాన్ని మెకానిక్కులు 'మిస్సింగ్ కొడుతోంది' అన్న ఒక్క మాటతో చెబుతారు. ఆ మాట లక్షణాన్ని సరిగానే పట్టుకుంటుంది గాని కారణం జోలికి పోదు. సిలిండర్‌లో నిప్పురవ్వ పడకపోయినా, పడిన రవ్వకు తగిన ఇంధన మిశ్రమం అందకపోయినా, ఆ మిశ్రమాన్ని లెక్కకట్టే కంప్యూటర్‌కు తప్పుడు సమాచారం చేరినా డ్రైవరు పాదానికి తెలిసే తడబాటు ఒకటే. పైగా ఈ దోషం మెకానిక్ షెడ్డు తెరిచే వేళకు మాయమవుతుంది. అప్పటికే వేడెక్కి ఎండిపోయిన ఇంజన్‌ను పరీక్షించి, ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ కడిగి పంపిస్తే, మళ్లీ మంచు పట్టిన రోజున అదే తడబాటు తిరిగి వస్తుంది, ఈసారి కాయిల్ మార్చమంటారు, ఆ తరువాత ఇంజెక్టర్లు. ఇలా విడిభాగాల మీద డబ్బు పోసేకన్నా దోషం ఏ పరిస్థితిలో పుడుతుందో ఆ పరిస్థితిని గుర్తించి, దానిని కావాలని మళ్లీ కల్పించి చూడడమే నిర్ధారణకు సరైన దారి.

ఎన్టీఆర్ జిల్లాలోని జి. కొండూరు మండలం ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. కొండపల్లి కొండల పక్కన, మైలవరం ఎగువ కొండల్లో పుట్టిన బుడమేరు పారే దారిలో, నూజివీడు మామిడి సీమలో భాగంగా తోటలతో నిండిన ఈ మండలం మీదుగా ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ధనుర్మాసంలో ఇక్కడి తెల్లవారుజాము ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఉత్తర భారతంలోనో, ఐరోపా దేశాల్లోనో ఇంజన్లు ఎదుర్కొనే చలితో పోలిస్తే ఇది చలి కిందికే రాదు. బ్యాటరీ నీరసపడదు, ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిరగనని మొరాయించదు. అయినా సరిగ్గా ఈ నెలల్లోనే తడబాటు ఫిర్యాదులు పుట్టుకొస్తాయంటే, చలి అన్న పేరుతో జనం చెప్పుకొనేదానిలో చెమ్మ పాలు ఎంతుందో ముందుగా తేల్చుకోవాలి. చలిని చెమ్మ నుంచి విడదీయకుండా ఈ దోషాన్ని పట్టుకోవడం సాధ్యం కాదు. విడదీస్తే సగం పని అక్కడే పూర్తవుతుంది.

గాలి తనలో ఇముడ్చుకోగల నీటిఆవిరి పరిమాణం ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. 30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు, 18 డిగ్రీల వద్ద ఆ సామర్థ్యం 15 గ్రాముల చిల్లరకు పడిపోతుంది. మధ్యాహ్నం తోటల మీద, చెరువుల మీద, కాలువల మీద తేమను పోగుచేసుకున్న గాలి రాత్రి చల్లబడినప్పుడు ఒక స్థాయి దగ్గర నిండిపోయి, అదనపు ఆవిరి నీరుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతనే మంచు బిందు స్థానం అంటారు. మబ్బులేని రాత్రి కారు పైరేకు తన వేడిని ఆకాశంలోకి వెళ్లగక్కుతూ చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది కనుక గాలి ఇంకా నిండకముందే రేకు మీద మంచు చేరుతుంది. బానెట్ కింద జరిగేది కొంత వేరు. ఇనుము, అల్యూమినియంతో కూడిన ఇంజన్ దిమ్మ నెమ్మదిగా చల్లబడుతుంది, నెమ్మదిగానే వేడెక్కుతుంది. సూర్యోదయం తరువాత గాలి వెచ్చబడి, ఆకుల మీది మంచు ఆవిరై గాలిలో తేమ పెరుగుతున్న గంటలో ఇంజన్ లోహం ఇంకా రాత్రి చల్లదనంలోనే ఉంటుంది, దాంతో ఆ తేమ వచ్చి లోహం మీద, దానికి ఆనుకున్న ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద పొరలా చేరుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి స్టార్ట్ చేసినప్పుడు లేని తడబాటు ఏడింటికి స్టార్ట్ చేస్తే కనిపించడానికి ఒక కారణం ఇదే.

చలినీ చెమ్మనూ వేరుచేసే పరీక్షకు ఈ ప్రాంతపు రుతువులే అవకాశం ఇస్తాయి. జూలై, ఆగస్టు నెలల వానల్లో గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల మంచులో చల్లగా, తడిగా ఉంటుంది. మంచు పట్టని పొడి రాత్రులు చల్లగా, పొడిగా ఉంటాయి. వానాకాలంలో కూడా ఉదయంపూట తడబడిన కారులో దోషం చెమ్మకు సంబంధించినదని, అంటే దాదాపు ఖాయంగా నిప్పురవ్వను పుట్టించే విద్యుత్ వ్యవస్థలోనిదని అనుకోవచ్చు. వానలో బాగా నడిచి, పొడి చలిలోనూ తడబడితే చూపు ఇంధన మిశ్రమం వైపు, దానిని లెక్కించే సెన్సర్ల వైపు మళ్లించాలి. రుతువు మారేదాకా ఆగలేనివారికి మరో మార్గం ఉంది. వరుసగా రెండు మంచు రాత్రుల్లో కారును ఒక రాత్రి ఆరుబయట, మరో రాత్రి రేకుల షెడ్డు కింద నిలిపి, రెండు ఉదయాలూ ఒకే వేళకు, ఒకే దారిలో నడిపి చూడాలి. పైకప్పు ఆకాశంలోకి పోయే వేడిని అడ్డుకుంటుంది కనుక షెడ్డు కింద చలి ఇంచుమించు అంతే ఉన్నా మంచు పట్టడం బాగా తగ్గుతుంది. షెడ్డులోంచి తీసిన కారు తడబడకపోతే చెమ్మే కారణమని తేలిపోతుంది. పైసా ఖర్చులేని ఈ పరీక్ష ఇంజన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ చూపే అంకెలకన్నా ముందు జరగాలి.

నిప్పురవ్వ కథ కొంచెం లోతుగా చూడవలసినది. కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల విద్యుత్తు ఇగ్నిషన్ కాయిల్‌లోని లావుతీగ చుట్టలో ప్రవహిస్తూ ఒక్కసారిగా తెగినప్పుడు, దాని పక్కనే వేల చుట్లు తిరిగిన సన్నతీగలో 15 నుంచి 30 వేల వోల్టుల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి స్పార్క్ ప్లగ్ కొనల మధ్య ఉన్న మిల్లీమీటరు పాటి ఖాళీని దాటుతూ రవ్వగా మెరుస్తుంది. ఆ ఖాళీని దాటడానికి ఎంత వోల్టేజి కావాలన్నది కొనల మధ్య దూరం మీద, అక్కడి వాయువు పీడనం మీద ఆధారపడి ఉంటుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లోనే చూపాడు. ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు సిలిండర్‌లోకి చేరే గాలి తక్కువ, కనుక పీడనమూ తక్కువ, పదివేల వోల్టుల లోపే రవ్వ పడుతుంది. మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు సిలిండర్ గాలితో నిండి, పీడనం పెరిగి, కావలసిన వోల్టేజి రెట్టింపును కూడా దాటవచ్చు. కొనలు అరిగి ఖాళీ పెరిగిన పాత ప్లగ్గుకు ఇంకా ఎక్కువ కావాలి, కొనలు చల్లగా ఉన్నప్పుడు మరికొంత ఎక్కువ కావాలి. కాయిల్ ఆ వోల్టేజిని పుట్టించగలదు. కాని పుట్టిన వోల్టేజి ప్లగ్ ఖాళీని దాటడానికన్నా బయటి తడి ఉపరితలం మీదుగా ఇంజన్ లోహంలోకి జారిపోవడం తేలికయితే అటే పోతుంది. ఆ క్షణం సిలిండర్‌లో రవ్వ ఉండదు, మిశ్రమం మండదు, బండి కుదుపుతుంది. న్యూట్రల్‌లో ఎంతసేపు రేస్ చేసినా బయటపడని తడబాటు రోడ్డెక్కగానే కనిపించడం ఇందువల్లే. షెడ్డులో నిలబెట్టి చెవొగ్గి వింటే దొరికే దోషం కాదిది.

గాలిలో తేమ పెరిగితే విద్యుత్తు గాలిలోకే కారిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది, అది సరైనది కాదు. నీటిఆవిరి అణువులు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లను పట్టుకొనే స్వభావం గలవి కనుక గాలిలో ఆవిరిగా ఉన్న తేమ గాలి నిరోధక శక్తిని కొద్దిగా పెంచుతుందే గాని తగ్గించదు. ప్రమాదమంతా ఆ ఆవిరి నీరుగా మారి, మురికి పట్టిన ఉపరితలం మీద పొరలా పరుచుకున్నప్పుడు మొదలవుతుంది. స్వచ్ఛమైన నీరు కూడా విద్యుత్తును అంతగా ప్రవహింపజేయదు, దానిలో దుమ్ములోని లవణాలు కరిగినప్పుడే అది వాహకమవుతుంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల హైటెన్షన్ తీగలను మోసే పింగాణీ ఇన్సులేటర్లు ఎండలో, భారీ వానలో కూడా నిలిచి, బూడిద పట్టి ఉండగా సన్నని మంచు కురిసిన ఉదయాల్లోనే పైమెరుపులతో విఫలం కావడం విద్యుత్ ఇంజనీర్లకు బాగా తెలిసిన విషయం. జోరువాన మురికిని కడిగేస్తుంది, మంచు దానిని కడగకుండా తడుపుతుంది. కారు బానెట్ కింద జరిగేదానికీ దీనికీ పరిమాణంలో తప్ప సూత్రంలో తేడా లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం జి. కొండూరుకు దూరమేమీ కాదు. లారీలు తిరిగే రోడ్డు మీద లేచే దుమ్ము, బూడిద ఇంజన్ పైభాగంలో పేరుకొని, మంచు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

మామిడి తోటల వల్ల ఈ ప్రాంతంలో మరొక విషయం కలుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పూత వచ్చే వేళకే తేనెమంచు పురుగు తోటల్లో విజృంభించి, లేత రెమ్మల రసం పీలుస్తూ తీపి జిగురును విసర్జిస్తుంది. ఆకుల మీద అది పడినచోట నల్లని మసి బూజు పెరగడం రైతులందరికీ తెలిసినదే. చెట్టు కింద నిలిపిన కారు అద్దాల మీద, అద్దానికి బానెట్‌కు మధ్యనున్న జాలీ మీద కూడా ఆ జిగురు పడి, దుమ్మును పట్టి ఉంచుతుంది, చక్కెరకు తేమను పీల్చే గుణం ఉంది కనుక తొందరగా ఆరదు. అంతకన్నా ముఖ్యమైనది ఆ జాలీ కింది తొట్టి. ముందద్దం మీద పడిన నీటిని పక్కలకు పంపే ఆ తొట్టి రంధ్రాలు రాలిన పూతతో, ఎండుటాకులతో పూడిపోతే నీరు పొంగి ఇంజన్ వెనుక భాగం మీదికి, కొన్ని కార్లలో నేరుగా ప్లగ్గులు కూర్చున్న గుంటల్లోకి కారుతుంది. చెట్టు నీడలో మంచు తక్కువ పడుతుందన్న మాట నిజమే. ఆకుల గుబురు కూడా షెడ్డు పైకప్పులాగే పనిచేస్తుంది. కాని పొగమంచు దట్టంగా పట్టిన రోజున ఆకులు తేమను పోగుచేసి చుక్కలుగా రాలుస్తాయి, ఆ చుక్కలు చేరేది ఆ తొట్టిలోకే.

పాత కార్లలో ఈ దోషం ఎక్కువగా కనిపించడానికి వాటి నిర్మాణమే కారణం. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో తీర్చిదిద్దిన పద్ధతిని అనుసరించి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 కార్లన్నింటిలో ఒకే కాయిల్ పుట్టించిన హైవోల్టేజిని డిస్ట్రిబ్యూటర్ అనే తిరిగే పంపిణీ పరికరం పొడవాటి ప్లగ్ వైర్ల ద్వారా ఒక్కో సిలిండర్‌కు పంపేది. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చేరే చెమ్మ, వైర్ల పైతొడుగులో పగుళ్లు కారణంగా వానాకాలంలో మూత విప్పి పొడిగుడ్డతో తుడవడం డ్రైవర్లకు నిత్యకృత్యంగా ఉండేది. ఇప్పటి కార్లలో చాలావరకు ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ నేరుగా కూర్చుంటుంది. పొడవాటి వైర్లు పోయాయి గాని, కాయిల్‌ను ప్లగ్‌తో కలిపే రబ్బరు తొడుగు మిగిలింది. ఆ రబ్బరు ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి బిరుసెక్కి, వెంట్రుకవాసి పగుళ్లు తీసి, చెమ్మను లోపలికి రానిస్తుంది.

ఆ తొడుగునూ ప్లగ్‌నూ బయటికి తీసి వెలుతురులో పరీక్షించడమే మెకానిక్ చేయవలసిన అసలు పని. ప్లగ్ తెల్లని పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నని నల్లగీత, పెన్సిల్‌తో గీసినట్టు కనిపిస్తే రవ్వ ఆ దారిన బయటికి పాకినట్టు. దానికి ఎదురుగా రబ్బరు లోపలి గోడ మీద తెల్లని లేక బూడిదరంగు గీత కూడా ఉంటుంది. ఒకసారి రవ్వ పాకిన దారిలో ఉపరితలం కాలి కర్బనంగా మారుతుంది, కర్బనం విద్యుద్వాహకం కనుక తరువాతి రవ్వకు ఆ దారి మరింత తేలికవుతుంది. మొదటి ఏడాది దట్టమైన మంచులోనే కనిపించిన తడబాటు మరుసటి ఏడాది మామూలు ఉదయాల్లోకి, ఆ తరువాత ఏడాది పొడవునా వ్యాపించడం అందువల్లే. ప్లగ్ మార్చి పాత రబ్బరు తొడుగునే తిరిగి వేస్తే కర్బనపు గీత కొత్త ప్లగ్‌ను కూడా పాడుచేస్తుంది. రెండింటినీ కలిపే మార్చాలి. పింగాణీ లోహపు గట్టును తాకేచోట గోధుమరంగు వలయం మాత్రం కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. హైవోల్టేజి చుట్టూ గాలి అయనీకరణం చెంది, నూనె, దుమ్ము కణాలను ఆకర్షించడం వల్ల ఏర్పడే మరక అది, లీకేజికి గుర్తు కాదు. ఈ రెండింటికీ తేడా తెలియక మంచి ప్లగ్గులను పారేయడం, చెడ్డ తొడుగులను ఉంచేయడం చాలా షెడ్లలో జరుగుతున్నది.

పగుళ్లు కంటికి కనిపించనప్పుడు చెమ్మను కల్పించి చూడాలి. చీకటి పడ్డాక, చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి, మొక్కల మీద మందు చల్లే చిన్న చేతిపంపుతో మంచినీటిని తుంపరగా కాయిళ్ల మీద, వైర్ల మీద ఒక్కొక్కదాని మీద విడివిడిగా, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ కొట్టాలి. మధ్యమధ్యలో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తెరిచి వదలాలి. ఎక్కడ తడిపినప్పుడు ఇంజన్ ఊగుతుందో, టిక్ టిక్ మన్న శబ్దం వస్తుందో, నీలిరంగు మెరుపు కనిపిస్తుందో దోషం అక్కడుంది. అన్నింటినీ ఒకేసారి తడిపితే పరీక్ష వృథా. చేతులను హైవోల్టేజి భాగాలకు, తిరిగే బెల్టులకు, దానంతటదే తిరగడం మొదలుపెట్టగల రేడియేటర్ ఫ్యానుకు దూరంగా ఉంచాలి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఆ దరిదాపుల్లోకి రాకూడదు, నారింజరంగు కేబుళ్లు ఉండే హైబ్రిడ్ కార్ల మీద ఈ పరీక్ష చేయనే కూడదు.

విజయవాడ పరిసరాల్లో సీఎన్‌జీ కిట్టు ఉన్న కార్లకు మరొక సులభమైన ఆనవాలు ఉంది. గాలితో కలిసిన సహజవాయువును అంటించే రవ్వకు పెట్రోలు మిశ్రమానికన్నా ఎక్కువ వోల్టేజి కావాలి కనుక ఇన్సులేషన్‌లోని బలహీనత మొదట సీఎన్‌జీ మీదే బయటపడుతుంది. మంచు ఉదయాన గ్యాసు మీద కుదుపుతూ, స్విచ్ నొక్కి పెట్రోలుకు మార్చగానే సర్దుకొనే కారులో ముందుగా ప్లగ్గులు, తొడుగులు చూడాలి. గ్యాసు కిట్టునే అనుమానించి, గ్యాసు ఒత్తిడిని తగ్గించే రిడ్యూసర్‌ను విప్పడం చాలాసార్లు దండగ శ్రమ.

చెమ్మ పాలు తేలిపోయి, పొడి చలిలో కూడా తడబాటు నిలిచినప్పుడు విచారణ ఇంధనం వైపు సాగుతుంది. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలితో కలిసినప్పుడే మండుతుంది. చల్లని ఇంజన్‌లో ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోలులో కొంత ఇన్‌టేక్ గోడల మీద, వాల్వుల వెనుక తడిపొరగా అతుక్కొని, సిలిండర్‌కు చేరే మిశ్రమం పలచబడుతుంది. అందుకే ఇంజన్ కంప్యూటర్ చలిలో ఇంధనాన్ని ఎక్కువగా చిమ్మిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో మరికొంత కలుపుతుంది. ఎంత కలపాలన్నది కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పే అంకెను బట్టి నిర్ణయమవుతుంది. వేడి పెరిగితే నిరోధం తగ్గే పదార్థంతో చేసిన ఈ సెన్సర్ చాలా కార్లలో 20 డిగ్రీల వద్ద రెండు మూడు వేల ఓములు, 80 డిగ్రీల వద్ద మూడువందల ఓముల చుట్టూ చూపుతుంది. అది పాడై 18 డిగ్రీల ఇంజన్‌ను 45 డిగ్రీలుగా చెబితే కంప్యూటర్ అదనపు ఇంధనాన్ని తగ్గించేస్తుంది, ఇంజన్ నిజంగా ఆ వేడికి చేరేవరకు తడబాటు తప్పదు, చేరాక అంకె నిజమైపోతుంది కనుక దోషం మాయమవుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. రాత్రంతా ఆగిన కారుకు ఉదయం స్టార్ట్ చేయకముందే స్కానర్ పెట్టి, కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ పక్కపక్కన చూడాలి. ఎనిమిది గంటలు కదలని ఇంజన్‌లో ఆ రెండూ బయటి ఉష్ణోగ్రతతో మూడు నాలుగు డిగ్రీల తేడాలో కలవాలి. కలవకపోతే తప్పుడు సెన్సర్ తనంతట తానే దొరికిపోయినట్టు. ఒక్కసారి ఇంజన్ తిరిగిందంటే ఈ పరీక్ష మర్నాటికి వాయిదా పడుతుంది కనుక కారును నడుపుకుంటూ షెడ్డుకు తీసుకుపోవడం కాదు, స్కానరే ఇంటికి రావాలి.

గాలి లీకులు కూడా చలిలో బయటపడతాయి. ఇన్‌టేక్ భాగానికి అమర్చిన రబ్బరు గొట్టాలు, సీళ్లు బిరుసెక్కి ఉంటే చల్లగా ఉన్నప్పుడు సందులిచ్చి, లెక్కలోకి రాని గాలిని లోపలికి పంపి, వేడెక్కాక సాగి మూసుకుంటాయి. వాల్వుల వెనుక పేరుకున్న మసి తొలి క్షణాల ఇంధనాన్ని పీల్చుకోవడం మరొక కారణం.

ఇథనాల్ కలిపిన పెట్రోలు ఈ లెక్కను కొంత మార్చింది. 2022 జూన్ నాటికి 10 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని చేరిన దేశంలో 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి అదే మామూలు పెట్రోలయింది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దాదాపు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. 20 శాతం మిశ్రమానికి ఇది పదమూడున్నర చుట్టూ ఉంటుంది. అంటే పాత లెక్కకు కూర్చిన ఇంజన్‌కు అదే పరిమాణంలో ఇంధనం అందితే మిశ్రమం 7, 8 శాతం పలచన అవుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును గుర్తించి సరిచేయిస్తుంది గాని, మూడువందల డిగ్రీలకు పైగా వేడెక్కేదాకా అది పనిచేయదు, తడబాటు కనిపించేదీ ఆ వ్యవధిలోనే. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకన్నా రెండున్నర రెట్ల వేడి తీసుకుంటుందన్నది కూడా చల్లని ఇంజన్‌కు భారమే. ట్యాంకులో నీరు చేరడం గురించి జనంలో ఉన్న భయం మాత్రం కొంత అతిగా ఉంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. 10 శాతం మిశ్రమం కూడా 15 డిగ్రీల వద్ద లీటరుకు 5 మిల్లీలీటర్ల దాకా నీటిని విడిపోకుండా పట్టుకోగలదు. మూతవేసిన ట్యాంకులోకి గాలి తేమ ద్వారా అంత నీరు చేరడం అరుదు. వరద నీరో, బంకు భూగర్భ ట్యాంకులోకి దిగిన వాననీరో కలిసినప్పుడే ఇథనాల్, నీరు కలిసిన పొర అడుగుకు దిగి పంపు నోటికి అందుతుంది, అప్పుడు ఇంజన్ తడబడి ఊరుకోదు, ఆగిపోతుంది.

కార్బురేటర్ కాలంలో ఉదయపు తడబాటుకు మరొక వింత కారణం కూడా ఉండేది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకోవడం వల్ల కార్బురేటర్ గొంతులో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోయి, తేమగాలిలోని ఆవిరి అక్కడ మంచుగడ్డగా పేరుకొనేది. చిన్న విమానాల పైలట్లకు ఇది నేటికీ ప్రాణసంకటమే. వెచ్చని, తేమ నిండిన వాతావరణంలో కూడా ఈ గడ్డ ఏర్పడగలదని వారికి శిక్షణలో నేర్పుతారు. 18 డిగ్రీల ఉష్ణోగ్రత, పొగమంచు ఉన్న జి. కొండూరు ఉదయం ఆ హెచ్చరిక పరిధిలోకే వస్తుంది. ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోలు థ్రాటిల్ దాటాక వాల్వుల దగ్గరో, నేరుగా సిలిండర్‌లోనో చిమ్ముతారు కనుక థ్రాటిల్ దగ్గర అంత చల్లదనం పుట్టదు. 2000 తరువాతి కార్లలో ఈ కారణాన్ని ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్ 6 ప్రమాణాల కార్లు తమ దోషాలను తామే కొంతవరకు నమోదు చేసుకుంటాయి. ఒక సిలిండర్ మండనప్పుడు క్రాంక్‌షాఫ్ట్ వేగంలో వచ్చే సూక్ష్మమైన తగ్గుదలను కంప్యూటర్ పసిగట్టి, ఏ సిలిండరో చెప్పగలిగితే పి 0301 నుంచి పి 0304 వరకు, చెప్పలేకపోతే పి 0300 అన్న కోడ్‌ను భద్రపరుస్తుంది. ఆ కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఇంజన్ వేడి ఎంత, వేగం ఎంత, భారం ఎంత అన్న వివరాలు కూడా నిలిచి ఉంటాయి. వచ్చిపోయే దోషానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. కూలెంట్ 25 డిగ్రీలు, భారం ఎక్కువ, ఒకే సిలిండర్ అని ఆ వివరాలు చెబితే తొడుగు లేక కాయిల్ అని, అన్ని సిలిండర్లూ తక్కువ భారంలో తడబడ్డాయని చెబితే మిశ్రమమని అనుకోవచ్చు. బ్యాటరీ తీసి పెట్టడం, రాగానే కోడ్లు చెరిపేయడం వంటి అలవాట్లు ఈ సాక్ష్యాన్ని నాశనం చేస్తాయి, అవి చదివి రాసుకోకుండా ఏ మెకానిక్ దేన్నీ విప్పకూడదు. రెండో సిలిండర్ మీద అనుమానం ఉంటే దాని కాయిల్‌ను మూడో సిలిండర్ మీదికి మార్చి మరో మంచు ఉదయం నడిపితే చాలు, కోడ్ 0302 నుంచి 0303కు మారితే దోషం కాయిల్‌తో పాటు కదిలినట్టు. మారకపోతే కొత్త కాయిల్ కొనే ఖర్చు తప్పినట్టు.

ఇంకొక వర్గం కార్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోత వర్షాలకు బుడమేరు పొంగి, జి. కొండూరు మండలంలోని కవులూరు, శాంతినగర్ దగ్గర డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడి, విజయవాడ సింగ్ నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి మునిగినప్పుడు వేలాది వాహనాలు నీటిలో ఉండిపోయాయి. వాటిలో బాగుచేసి రోడ్డెక్కించినవి, చేతులు మారినవి ఎన్నో. బురద కడిగి, సీట్లు మార్చినంత మాత్రాన కనెక్టర్ల లోపలి రాగి పిన్నుల మీద పట్టిన పచ్చని చిలుము పోదు. అది పొడిగా ఉన్నప్పుడు సంబంధం అంతంతమాత్రంగానైనా నిలుస్తుంది, తేమ తగలగానే నిరోధం మారి, సెన్సర్ పంపే అంకెలు తప్పుతాయి. ఇటువంటి కారులో తడబాటు ఒక్కోరోజు ఒక్కో రూపంలో ఉంటుంది, కోడ్లు పొంతన లేకుండా వస్తాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు సీటు కింది కనెక్టర్లను ఊడదీసి లోపల చిలుము ఉన్నదీ లేనిదీ చూడాలి.

డీజిల్ వాహనాల్లో రవ్వ అన్నదే లేదు కనుక పైన చెప్పిన విద్యుత్ లీకేజి వాటికి వర్తించదు; మంచు ఉదయాన అవి తడబడితే ఫిల్టర్ అడుగున చేరిన నీటిని, గ్లో ప్లగ్గులను, టర్బో గొట్టాలను చూడాలి.

దోషం దొరికి ప్లగ్, రబ్బరు తొడుగు మార్చాక తొడుగు లోపల విద్యుత్ నిరోధక సిలికాన్ గ్రీజు పలచగా పూసి, ప్లగ్‌ను కంపెనీ చెప్పిన బిగువుకే బిగించి, కాయిల్ గుంటల్లోని నూనెతడిని తుడిచి, అద్దం కింది తొట్టి రంధ్రాల్లోంచి పూతనూ ఆకులనూ తీసేయాలి. ఆ తరువాత పొడిగా ఉన్న మధ్యాహ్నం కారు బాగా నడిచిందని సంతృప్తి పడడానికి లేదు, మధ్యాహ్నాలు అది ముందు కూడా బాగానే నడిచింది. చల్లారిన ఇంజన్ మీద మళ్లీ నీటితుంపర కొట్టి, సీఎన్‌జీ ఉంటే దాని మీదే, ఎత్తున్న దారిలో మూడో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ నిండా తొక్కి చూడాలి. అప్పటికీ కుదుపు లేకుండా లాగి, స్కానర్‌లో మిస్‌ఫైర్ లెక్క సున్నా దగ్గరే నిలిస్తే మరమ్మతు పూర్తయినట్టు.